మల్లయ్య అద్దాల వాడుక

తడిపిన పత్రిక కాగితాన్ని అద్దం మీద గట్టిగా రుద్దితే కీచుమని ఒక చప్పుడు వస్తుంది. హిమాయత్‌నగర్‌లో మా ఇంటి కిటికీలు తుడవడానికి వచ్చే ఆమె నిన్న పొద్దున ఆ చప్పుడు చేసింది. ఆమె చేతిలో ఉన్నది ఆదివారం సంచిక. అందులో నా వ్యాసం ఉంది. దానికి నాకేమీ బాధ కలగలేదు. కాగితానికి చదవడం కంటె మంచి ఉపయోగం ఉందని నాకు ఏనాడో చెప్పిన మనిషి గుర్తుకు వచ్చాడు. ఆయన పేరు మల్లయ్య. నాంపల్లిలోనూ ఆబిడ్స్‌లోనూ దుకాణాల అద్దాలు తుడిచేవాడు. ఆయన్ను తలచుకుంటే ముందు గౌరవం కలగాలి. కాని ఈ వయసులో కూడా నాకు ముందు కలిగేది అసూయే. గౌరవం దాని వెనక మెల్లగా నడిచి వస్తుంది.

అవి రెండో ప్రపంచయుద్ధపు రోజులు. నాకు ఇరవై ఆరేళ్లు. నాంపల్లిలో దినపత్రిక అచ్చయ్యే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అక్షరాలు దిద్దుతాను కనుక అక్కడ అందరికీ పంతుల్ని. మల్లయ్య ప్రతి శనివారం వచ్చి, అచ్చులో చెడిపోయిన కాగితాలు నేను కట్ట కట్టి ఇస్తే పట్టుకుపోయేవాడు. సుద్దపొడి కలిపిన నీళ్లు అద్దానికి పూసి, ఆరనిచ్చి, పాత ధోవతి గుడ్డతో తుడిచి, ఆఖరున పత్రిక కాగితంతో మెరుగు పెట్టడం ఆయన పద్ధతి. "మీరు రాసేదాంట్ల ఏమున్నదో నాకు తెల్వది గని పంతులూ, సిరాల మాత్రం ఏదో ఉన్నది," అనేవాడు. మా సంపాదకుడి ముందు కూడా అన్నాడు.

వాడుక అనే మాటను నేను భాష గురించి తప్ప వేరే విధంగా ఆలోచించింది ఆయన వల్లనే. పాలమనిషికి వాడుక ఇళ్లు ఉన్నట్టు మల్లయ్యకు వాడుక అద్దాలు ఉండేవి. స్టేషను ముందరి హోటళ్లతో మొదలై ఆబిడ్స్‌లో పెద్ద బట్టల దుకాణంతో ముగిసే ఆ వరుసలో ఇంకొకరు గుడ్డ పెట్టేవారు కారు. దానికి రాసుకున్న కాగితం ఏదీ లేదు. ఆయన జాగు చేస్తే దుకాణదారులు బయటికి వచ్చి రోడ్డు వైపు చూసేవారు. నేను జాగు చేస్తే ప్రెస్సులో ఎవరూ తల ఎత్తేవారు కారు. ప్రూఫులు దిద్దేవాడు ఒకడున్నాడని అందరికీ తెలిసేది తప్పు పడ్డ రోజునే. బాగా తుడిచిన అద్దం కూడా కనబడదు, నిజమే. కాని దాన్ని తుడిచిన మల్లయ్య మాత్రం బజారంతా కనబడేవాడు. ఇది నాకు అన్యాయంగా తోచేది. పొద్దున పనికి పోతూ ఆయన నిచ్చెన వెనక నడిచేవాణ్ణి. ఆయనకు వచ్చే నమస్తేలు వరసగా వినేవాణ్ణి. పొరపాటున కూడా ఒక్కటి నా మీద పడేది కాదు.

యుద్ధంతో కాగితం కరువైంది. పత్రిక పేజీలు తగ్గాయి. సగం పనికి రమ్మని యజమాని చెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మల్లయ్య మోకాళ్లు పట్టేసి నిచ్చెన ఎక్కలేని స్థితికి వచ్చాడు. వాడుకను ఎవరికైనా అమ్మేస్తానన్నాడు. ఆ మాట ఆయన ప్రెస్సు అరుగు మీద కూర్చుని అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నా భార్య రుక్కమ్మకు చెప్పాను.

"అద్దాలు తుడుస్తవా?" అంది.

"మల్లయ్య తుడుస్తలేడా?"

"మల్లయ్య తుడిస్తె దుకాణపోల్లు నమస్తె పెడ్తరు. నువ్వు తుడిస్తె ఎవలు పెడ్తరు?" అని, నా ముఖం చూసి, కాళ్ల వైపు చేయి చాపింది. "సరే, నీకు నమస్తెలు గావాల్నంటె ఈ కడియాలు తీస్కపో. నాకైతె బరువే."

ఆమె నవ్వుతూనే అన్నది. కాని నా రోగమేమిటో ఆమెకు ఆనాడే తెలుసు.

నేను పోయేసరికి మల్లయ్య ముందు ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. సాయిలు. నాంపల్లి స్టేషనులో బస్తాలు మోసే హమాలీ. ఊళ్లో పొలం పోయి, పెళ్లాం పిల్లలతో పట్నం వచ్చినవాడు. నడుము చెడి, బస్తా ఎత్తలేకపోతున్నాడు. ఈ పని దొరకకపోతే వాడికి వేరే దారి లేదని అక్కడ అందరికీ తెలుసు. నాకూ తెలుసు. మల్లయ్య ఇద్దరికీ ఒకటే ధర చెప్పాడు. "ఎనిమిది దినాలు ఇద్దరు నా ఎనక తిరుగున్రి. పైసలు ఎవలైనా ఇస్తరు. దుకాణపోల్లు ఔ అనాలె గద," అన్నాడు.

తిరిగాం. నా పని మొదటిరోజే తేలిపోయింది. నేను తుడిచిన అద్దం ఎదురుగా నిలబడి, బాగానే ఉందనుకున్నాను. మల్లయ్య నా భుజం పట్టి పక్కకు లాగాడు. "ఎదురుంగ నిలవడితె నీ మొకమే కనవడ్తది. గీ పక్క నుంచి చూడు." చూస్తే అద్దం నిండా చారలే. సాయిలుకు ఈ మాట చెప్పవలసిన అవసరం రాలేదు. వాడు గుడ్డ దించగానే తనంతట తానే పక్కకు వెళ్లి, మెడ వంచి చూసుకున్నాడు. "ఇగో, బిడ్డా, నీకు ఎవలు నేర్పిన్రు?" అని మల్లయ్య మురిసిపోయాడు. "ఎవలు నేర్పుతరు కాకా, మరక గాడికెల్లి కనవడ్తది గద," అన్నాడు సాయిలు.

బిడ్డా. ఆ మాట నాకు ముల్లులా దిగింది. మూడేళ్లుగా కాగితాల కట్టలు కట్టి ఇస్తున్నవాణ్ణి నేను. నేను పంతుల్ని. నిన్న వచ్చినవాడు బిడ్డ. ఇద్దరూ వాళ్ల వాళ్ల ఊళ్ల సంగతులు చెప్పుకుని నవ్వేవారు. నేను బకెట్ పట్టుకుని వెనక నడిచేవాణ్ణి. అప్పటికి వాడుక కొనడం సంగతి నాకు సగం మరుగున పడింది. సాయిలు కొనకూడదన్నదే మిగిలింది.

ఆరోరోజున బట్టల దుకాణం సేఠ్ నన్ను లోపలికి పిలిచాడు. మల్లయ్య, సాయిలు బయట నిచ్చెన కడుతున్నారు. ఆ దుకాణం అద్దం బజారులో అన్నింటికంటె పెద్దది. పగిలితే సముద్రం అవతలి నుంచి రావాలి, యుద్ధం ముగిసేదాకా రాదు. అందుకని సేఠ్‌కు భయం. "ఆ సాయిలు ఎట్లాంటోడు పంతులూ?" అని అడిగాడు.

"పని మంచిగనే జేస్తడు సేఠ్," అన్నాను. అక్కడ ఆగవలసింది. ఆగలేదు. "గని స్టేషన్ కాడ హోటల్ అద్దం పలిగిందట గద. ఆయన చెయ్యేనో కాదో నాకు తెల్వది."

అద్దం పగిలిన మాట నిజమే. టాంగా గుర్రం బెదిరి తన్నితే పగిలింది. అది పగిలిన వేళ సాయిలు ఆ చాయల్లోనే లేడు. నేను అబద్ధం ఆడలేదని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. పగిలిందట అన్నాను, తెల్వది అన్నాను. పత్రికలో మేము దీన్నే కొంచెం ఇస్త్రీ చేసి ‘తెలియవచ్చింది’ అంటాం. ఆ మాట రోజూ నా కళ్ల ముందునుంచే పోయేది. దాని పదును ఎంతో నాకు తెలుసు.

రెండు రోజుల్లో ఆ మాట వరుసంతా తిరిగింది. ఎనిమిదో రోజు మల్లయ్య నన్ను స్టేషను ఎదుటి హోటల్లో కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు. సాయిలును రమ్మనలేదు.

"దుకాణపోల్లు సాయిలు వద్దంటున్రు. ఇగ నువ్వే తీస్కో," అన్నాడు.

గెలిచాను. చాయ్ కప్పు ఎత్తబోయాను.

"పంతులూ, ఒకటి అడుగుత. మీ పేపర్ల తప్పు పడితె ఏం జేస్తరు?"

"దిద్దుతం."

"అచ్చయినంక?"

"మర్నాడు సవరణ ఏస్తం."

"యాడ?"

"లోపలి పేజీల. కింద."

"తప్పు యాడ పడ్డది?"

నేను కప్పు మీద నుంచి చేయి తీశాను.

"మొదటి పేజీల పడ్డదనుకో," అన్నాడాయన, సాసర్లో చాయ్ పోసుకుంటూ. "ఊరంత సదివినంక, లోపల కింద చిన్నగ ఏస్తరు. మంచిగున్నది మీ ఇమానం, మీ నీతి." కాసేపు చాయ్ ఊదాడు. "సేఠ్ చెప్పిన మాట ఇన్న. పలిగిందట, ఆయన చెయ్యేనో కాదో తెల్వదట. మందిని తప్పుపట్టి, మల్ల నాకు తెల్వది అనేటోడు మా దిక్కు ఎవడు లేడు. గిది కాయితపోల్ల మాట."

"అందరికి చెప్పాల్నా కాకా?" అని మాత్రం అడిగాను.

"యాడ అన్నవో గాడ అను. మిగిలినకాడికి అదే పోతది. జర నెమ్మదిగ పోతది, గంతే." లేచి నిలబడి, మోకాలు పట్టుకుని, "అనకుంటె గూడ వాడుక నీదే. నేను మాట తప్పను," అన్నాడు.

ఈ చివరి మాటే నన్ను చంపింది. బెదిరించి ఉంటే నాకు కోపమన్నా వచ్చేది. ఇంటికి పోయి రుక్కమ్మకు అంతా చెప్పాను. ఆమె "మరి గెలిచినవు గద, గట్ల కూసున్నవేంది?" అన్నది. ప్రెస్సులో సగం పని, ఇంట్లో సగం కూడు. వాడుక నా చేతికి వచ్చి ఉంది. తెల్లవారేదాకా కొనడానికే కారణాలు వెతికాను, చాలా దొరికాయి. కాని ఆ వరుసలో నాకు రాబోయే మొదటి నమస్తే ఎవరిదో, దాన్ని నేను ఏ ముఖంతో అందుకోవాలో మాత్రం ఊహకు రాలేదు.

పొద్దున సేఠ్ దుకాణం తీసే వేళకు పోయాను. మల్లయ్య, సాయిలు అద్దం దగ్గర ఉన్నారు. వాళ్ల ముందరే చెప్పాను: హోటల్ అద్దం గుర్రం తన్ని పగిలింది, సాయిలుకు ఏ సంబంధం లేదు, అది తెలిసే ఆ మాట అన్నాను. ఎందుకన్నావని సేఠ్ అడిగాడు. "కుళ్లుతోని," అన్నాను. అంతకంటె గౌరవమైన మాట నాకు దొరకలేదు.

సేఠ్ తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు. "మొన్న ఒక మాట, ఇయ్యాల ఒక మాట. రేపు ఏం మాటనో! నువ్వు మాత్రం నా అద్దం ముట్టకు పంతులూ," అన్నాడు. సాయిలు గుడ్డ పిండి, నా వైపు తిరిగాడు. "గట్లనా పంతులూ. గీ గాలిమాట యాడికెల్లి వచ్చిందో అనుకున్న," అని మళ్లీ పనిలో పడ్డాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

నా సవరణ కూడా మెల్లగా వరుసంతా తిరిగింది. వాడుక సాయిలు కొన్నాడు. మేము కొన్ని నెలలు ఇబ్బందిపడ్డాం. రుక్కమ్మ కడియాలు పోయాయి, కాని బియ్యానికి పోయాయి. తర్వాత నన్ను వార్తలు రాయడానికి పెట్టుకున్నారు, ఆ తర్వాత సంపాదకుడి బల్ల దాకా వచ్చాను. తప్పు ఏ పేజీలో పడితే సవరణ ఆ పేజీలోనే, అదే సైజు అక్షరాలతో వేయాలని పట్టుబట్టి ఇద్దరు యజమానులతో తగవు పడ్డాను. ఒకచోట నెగ్గాను, ఒకచోట ఉద్యోగం వదులుకున్నాను. నా నిజాయితీ గురించి మిత్రులు పొగిడినప్పుడు ఆ చాయ్ హోటల్ సంగతి నేను చెప్పలేదు.

దీంతో అసూయ పోయిందని మాత్రం అనుకోకండి. సాయిలు నిచ్చెన భుజాన వేసుకుని ఆబిడ్స్‌లో నడుస్తుంటే నమస్తేలు ఆయనకు వచ్చేవి. "మంచిగున్నవా పంతులూ?" అని ఆయనే ముందు పలకరించేవాడు. ఆ పలకరింపులో పాత కసి ఏమన్నా ఉందేమోనని ప్రతిసారీ వెతికేవాణ్ణి. ఉండేది కాదు. అది కూడా నాకు ఓర్వలేనిదిగానే ఉండేది.

యుద్ధం ముగిశాక మల్లయ్య జబ్బుపడి దవాఖానలో చేరాడు. ఒక మధ్యాహ్నం నేను బత్తాయిలు తీసుకుని పోతుంటే గేటు దగ్గర సాయిలు ఎదురయ్యాడు. "నిద్రల ఉన్నడు పంతులూ. గంట సేపు కూసున్న. లేపబుద్ధి గాలేదు. నేనొచ్చినట్టు జర చెప్పు," అని, పని వేళ మించిపోతోందని వెళ్లిపోయాడు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి మల్లయ్య కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు, నా వెనకకు చూశాడు. "సాయిలు రాలేదా?" అని అడిగాడు.

వెంటనే చెప్పానని రాయగలిగితే బాగుండేది. చెప్పలేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను నోరు మెదపకపోతే ఆ రోజు ఆయన దగ్గరికి వచ్చినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే అవుతాను. బత్తాయి ఒలవడం మొదలుపెట్టాను. తొక్క సగం వచ్చేదాకా ఒలిచాను.

"వచ్చిండు కాకా," అన్నాను. "గంట సేపు నీ పక్కకే కూసున్నడు. నువ్వు నిద్రల ఉన్నవని లేపలే."

ఆయన ముఖం విచ్చుకుంది. నా ముందు ఆ ముఖం ఎన్నడూ అట్లా విచ్చుకోలేదు. నేను ఒలిచి ఇచ్చిన తొనలు రెండు తిన్నాడు. తర్వాత సంచీలోకి చూసి, "ఇందులకెల్లి రెండు సాయిలుకు ఇయ్యి పంతులూ. పోరగాండ్లున్నరు," అన్నాడు.

ఆ రెండు కాయలూ పట్టుకుని దవాఖాన నుంచి ఆబిడ్స్ దాకా నడిచాను. నేను కొన్నవి, నా పేరు లేకుండా, వాడికి. దారిలో ఒకటి ఒలుచుకుని తినేద్దామని నిజంగా అనిపించింది. సాయిలు నిచ్చెన మీద ఉన్నాడు. "కాక ఇచ్చిండు," అని చేతికందించాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో నాకంటె చిన్నవాడికి పేరు వచ్చినప్పుడు, నాతో పోటీ పడ్డవాడు గెలిచినప్పుడు, ఆ వార్త రాయవలసిన వంతు చాలాసార్లు నాకే వచ్చింది. కుళ్లు ఎప్పటిలాగే ఉంటుంది. చేతికి మాత్రం రెండు బత్తాయిల బరువు తగులుతుంది. కూర్చుని, ఒక్క అక్షరం మింగకుండా రాసి పంపుతాను.