మంగళవారం ఫ్లైటుకి సోమవారం ప్రస్థానం

సరోజిని తెనాలి నుంచి ఢిల్లీ కాపురానికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. వసంత్ కుంజ్‌లో ఆవిడ నోటికి జడవని కూరగాయల భయ్యా లేడు. ఆవిడ జడిసేది మాత్రం ఒక్క మంగళవారానికి. ఆ రోజు ఇల్లు కదిలి ప్రయాణం కట్టిన పాపాన పోలేదు.

అలాంటిది, సిడ్నీలో ఉండే చెల్లెలు వాసవి ఇల్లు కొనుక్కుని, "అక్కా, గురువారం గృహప్రవేశం. నువ్వొచ్చి పాలు పొంగిస్తేనే నేను లోపల కాలు పెడతా" అని పట్టుబట్టింది. టికెట్టేమో మంగళవారానికి దొరికింది. అది తప్పితే ముహూర్తానికి అందదు.

"పదివేల కిలోమీటర్ల పైమాటే. ఇక్కణ్ణుంచి విజయవాడకి ఆరుసార్లు వెళ్లినంత" అన్నాడు మొగుడు త్యాగరాజు.

"ఎంతసేపండీ?"

"పన్నెండు గంటలు."

"అంతేనా! మన రైలు ఆపాటికి నాగపూరైనా చేరదు."

దూరం సంగతి తేలింది, ఇక వారం సంగతి. సోమవారం రాహుకాలం వెళ్లగానే సరోజిని తన చేతిసంచి పట్టుకెళ్లి ఎదురింటి పమ్మీ ఇంట్లో పెట్టేసింది. అదే ప్రస్థానం. సామాను మంచిరోజున గడప దాటితే మనిషీ బయల్దేరినట్టే లెక్క.

"ఏదో పాత చీర పెడితే సరిపోయేదిగా?" అన్నాడు త్యాగరాజు.

"పాత చీర సిడ్నీ వెళ్తుందా? ప్రయాణానికి అసలైంది పెట్టాలి. పాస్‌పోర్టు పెట్టా."

మర్నాడు పొద్దున టాక్సీ వచ్చింది. ఎదురింటికి మాత్రం బుర్రంత తాళం వేలాడుతోంది.

సరోజిని తలుపు దబదబా బాదింది. ఫోన్ చేస్తే పమ్మీ కరోల్ బాగ్‌లో టైలర్ దగ్గరుంది.

"అరే దీదీ! ఫారిన్ ఫ్లైట్లు రాత్రే కదా వెళ్తాయి? సాయంత్రం ఇద్దామనుకున్నా. అభీ ఆతీ హూఁ!"

"నువ్వు ఆ ట్రాఫిక్‌లో వచ్చేసరికి అక్కడ మా చెల్లెలు పాలు పొంగించి, తాగి, గిన్నె కూడా కడిగేస్తుందే తల్లీ!"

"తాలా తోడ్ దో, దీదీ" అని తాళం పగలగొట్టేయమంది పమ్మీ.

జన్మలో గోడకి మేకు కొట్టి ఎరగని త్యాగరాజు, వంటింట్లోంచి పచ్చడి నూరే పొత్రం ఎత్తుకొచ్చాడు. మొదటి దెబ్బ తలుపుకి తగిలింది, రెండోది ఆయన బొటనవేలికి. సరోజిని పొత్రం లాక్కుని ఒక్కటిచ్చింది. తాళం ఊడి కిందపడింది.

సంచి చంకన పెట్టుకుని, మెట్ల మీంచే హుకుం జారీ చేసింది. "మీరు ఎయిర్‌పోర్టుకి రావద్దు. పమ్మీ వచ్చేదాకా ఈ గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చోండి. వేలికి పసుపు పెట్టుకోండి."

విమానంలో బెల్టు కట్టుకున్నాక పమ్మీకి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"ధౌలా కువాఁ జామ్‌లో, దీదీ. కదలడం లేదు."

"ఠీక్ హై. నేను సిడ్నీలో దిగేలోపు ఇల్లు చేరు. అక్కడ మా ఆయన ఆకలితో కూర్చున్నాడు."