ఐదు గంటల దాకా కూర్చో

పొద్దున్నే నేను పొయ్యి వెలిగించి కాఫీకి నీళ్లు పెట్టేసరికి ఆయన గడప మీద కూర్చుని ఊరి సంగతులు మొదలుపెట్టేవాడు. ఫలానా ఇంట్లో ముసలామె పోయింది. ఫలానా వాళ్ల అమ్మాయి పెళ్లయి మాలూరు వెళ్లింది. మూల గదిలో ఉన్న ఫ్యాక్టరీవాళ్లు ఖాళీ చేశారు. నేను ఒక చేత్తో గిన్నె చూసుకుంటూ, ఇంకో చేత్తో ఎర్ర పెన్సిలు పట్టుకుని ఓటర్ల పుస్తకంలో పేర్లు కొట్టేసేదాన్ని, కొత్తవి చేర్చేదాన్ని. ఎనిమిదేళ్లు మా పొద్దు అలాగే తెల్లవారింది. ఇప్పుడు పొయ్యి వెలిగిస్తాను. పెన్సిలు ముట్టుకోను.

ఆయన పేరు గురప్ప. బతికుండగా ఈ పేరు నేను పలికిందీ లేదు, రాసిందీ లేదు. ఎన్నికల ముందు ఊరందరి ఓటరు స్లిప్పులూ నేనే రాసేదాన్ని గానీ, ఆయన పేరు వచ్చినప్పుడు కాగితం అటు జరిపేదాన్ని. ఆయన నవ్వి, తనది తానే రాసుకునేవాడు. పుస్తకంలో ఆయన పేరు ఇప్పటికీ ఉంది. రాయని చెయ్యి ఎలా కొట్టేస్తుంది?

బెంగళూరు పక్క జిగణిలో రాతి పలకలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో ఆయనకు పని. ఎన్నికలొస్తే సెలవు పెట్టి బడిలోని బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చునేవాడు. వచ్చిన మనిషీ జాబితాలో మనిషీ ఒకరేనా అని ముఖం చూసి చెప్పాలి. దొంగ ఓటుకు సొంత పార్టీవాణ్ణి కూడా రానిచ్చేవాడు కాదు.

అప్పట్లో మాది కనకపుర పార్లమెంటు నియోజకవర్గం. సిటీ బస్సు ఆగే చోట మొదలై అడవి దాటి కావేరి దాకా పోయేది. "ఒకే ఎంపీకి ఏనుగులూ మేమే, కంప్యూటర్లూ మేమే" అనేవాడు ఆయన. తొంభై ఆరు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, మళ్లీ రెండు వేల రెండులో ఉప ఎన్నిక, తర్వాత రెండు వేల నాలుగు. వేలి మీద సిరా పోకముందే ఇంకో ఓటు. మొదట్లో కాగితాలూ పెట్టెలూ, ఆఖరికి మిషన్లు. ఏదొచ్చినా మా బూత్‌లో ఆయన పార్టీకే లీడు.

ఆ లీడు తిని పార్టీలో పెద్దవాడైనవాడు మునీంద్ర. మా వీధిలోనే పుట్టాడు. ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలుస్తూ మా ఇంట్లో ముద్ద తిన్నవాడు. భూములు అమ్మించి వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంటు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఓటు మాత్రం ఇక్కడే ఉంచుకున్నాడు.

రెండు వేల నాలుగు ఏప్రిల్. మధ్యాహ్నం రెండింటికి బూత్‌లో ఆయనకు గుండె పట్టేసింది. ఏజెంటు లేచిపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవాలి, ఆ ఇంకొకర్ని మునీంద్రే పంపాలి. బూత్‌లో నీళ్లు పోసే కెంపమ్మ చేతికి ఆయన ఒక చీటీ ఇచ్చాడు: "రొమ్ములో నొప్పిగా ఉంది, మనిషిని పంపు." కెంపమ్మ పరుగున వెళ్లి వచ్చింది. అదే చీటీ వెనక మునీంద్ర రాశాడు: "ఐదు గంటల దాకా కూర్చో. నువ్వు లేస్తే లీడు పోతుంది."

ఆయన కూర్చున్నాడు. మిషన్‌కు సీలు వేయించి, కాగితం మీద సంతకం పెట్టి, నడిచి ఇంటికొచ్చాడు. గడప మీద కూర్చుని నీళ్లడిగాడు. నేను చెంబు తెచ్చేలోగా తల గోడకు వాలిపోయింది.

చీటీ చొక్కా జేబులో దొరికింది.

మూడో రోజు మునీంద్ర పూలదండతో వచ్చాడు. వీధంతా చూస్తుండగా, అన్న ఎవరికీ నొప్పి సంగతి చెప్పలేదని, పార్టీ కోసం ప్రాణమిచ్చాడని ఏడ్చాడు. తర్వాత మీటింగుల్లో కూడా అదే చెప్పాడట. నేను చీటీని ఎవరికీ చూపకుండా పసుపు డబ్బాలో దాచుకున్నాను.

రెండు వేల ఎనిమిదిలో నియోజకవర్గాలు మార్చేశారు. కనకపుర పేరు పోయి బెంగళూరు గ్రామీణ అయింది. జాబితాల్లో వరసలు తారుమారయ్యాయి, ఒక ఇంటివాళ్లు నాలుగు చోట్ల పడ్డారు. ఆ ఏడు అసెంబ్లీ ఓట్లప్పుడు నేను కాడుగోడిలో మా అన్న ఇంటికి వెళ్లిపోయాను. బూత్‌లో లీడు పడిపోయింది. రెండు వేల తొమ్మిదిలో పార్లమెంటు ఎన్నికలు రాగానే మునీంద్ర కారు మా గుమ్మం ముందు ఆగింది.

"వదినా, ఈ తూరి లీడు రాకుంటే నాకు జిల్లా పంచాయతీ టికెట్టు లేదంటా ఉండారు. అన్న పుస్తకం నీ దగ్గర ఉండాది కదా. స్లిప్పులు నువ్వే రాయాల."

"స్లిప్పుల కట్ట ఆడ పెట్టిపోప్పా," అన్నాను.

"రాసి పంచుతావు కదా?"

"ఎప్పుడన్నా పంచకుండా ఉన్నానా?"

కొత్త ఓటర్ల జాబితా, పురికొసతో కట్టిన వెయ్యి స్లిప్పులు దించి వెళ్లాడు. పైన పార్టీ గుర్తు, కింద పేరు, వరస నంబరు రాయడానికి ఖాళీ గీతలు. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాడు. అయిపోతా ఉండాయి అని చెప్పాను. అబద్ధమే, ఒక్కటీ రాయలేదు.

ఓటున్నవాళ్ల ఓటు పాడుచేయాలని నాకు లేదు. ఇంటికొచ్చి అడిగిన ప్రతివాళ్లకూ పుస్తకం, కొత్త జాబితా చూసి నోటితో నంబరు చెప్పాను. వీధి చివర అక్కయమ్మకు గుర్తుండదంటే, ఆమె పాలచీటీ వెనక బొగ్గుతో రాసిచ్చాను. రానివాళ్లు ఓటు రోజు బడి బయట మునీంద్ర పార్టీ టేబుల్ దగ్గరికి పోయారు. అక్కడ స్లిప్పులు లేవు. ఎదుటి పార్టీ టేబుల్‌వాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, తమ గుర్తున్న స్లిప్పు రాసిచ్చి పంపారు.

ముఖాలు తెలిసిన ఏజెంటు లేక లోపల మునీంద్రే కూర్చున్నాడు. అదే బడి, అదే గది. రెండు దాటాక కెంపమ్మ చీటీ తెచ్చింది. ఒక్క ముఖమూ తెలియడం లేదట, బయట స్లిప్పులు లేవంటున్నారట, ఎండకు తల తిరుగుతోందట. నన్ను వచ్చి తన బదులు ఒక గంట కూర్చోమన్నాడు.

"వాని ముఖంలో రక్తం లేదమ్మా," అంది కెంపమ్మ. "పోతావా?"

పసుపు డబ్బా దించాను. పసుపు అంటిన పాత చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాను. కెంపమ్మకు చదువు రాదు గానీ, ఆ చీటీ ఆమెకు తెలుసు. అయిదేళ్ల కింద అది మోసుకుని పరుగెత్తిన కాళ్లు ఆమెవే.

"ఇదేనా జవాబు?" అంది.

"వాడు రాసిందే. వాడికే ఇయ్యి."

ఆమె వెళ్లి ఓట్లు ముగిశాక వచ్చింది. మునీంద్ర చీటీ చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడట. ఇంకో మనిషి కోసం కబురు పంపలేదట. ఐదు దాకా లేవలేదట. అతని మీద జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు.

లెక్కింపు నాడు మా బూత్‌లో లీడు ఎదుటివాళ్లకు వెళ్లింది. టికెట్టు ఇంకొకరికి ఇచ్చారు. కారు మళ్లీ మా వీధిలోకి రాలేదు.

స్లిప్పుల కట్ట అటక మీద ఉంది. అటక దులిపినప్పుడల్లా చుట్టూ తుడుస్తాను. పురికొస ముడి మాత్రం విప్పలేదు.