క్లిప్పుల డాక్టరమ్మ గారు రాయించిన ప్రశ్నలు

కిందటి మంగళవారం పొద్దున్న స్కూలుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. రాజమండ్రిలోని పళ్ళ ఆస్పత్రి నంబరు. ఆరు నెలలకోసారి, "ఒకసారి వచ్చి చూపించుకుంటారా అండీ" అని ఆ నంబరు నుంచి ఫోన్ వస్తుంటుంది. అదే అనుకుని, "ఈ వారం కుదరదండీ, పరీక్షలు జరుగుతున్నాయి" అని నేనే ముందు అనేశాను. అవతల రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ, "అది కాదండీ. మేడమ్ గారు తెల్లవారుజామున పోయారండీ. గుండె ఆగిపోయిందట. మీకు చెప్పకపోతే బాగోదని చేశాను" అంది.

గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. పళ్ళకి క్లిప్పులు వేసే డాక్టరు పోతే ఒక తెలుగు టీచరు ఇలా కూలబడటం ఏంటని మీకు అనిపించవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

నావి ఎత్తుపళ్ళు. పై పెదవి, కింది పెదవి కలవాలంటే నేను గుర్తుపెట్టుకుని కలపాల్సిందే. ధ్యాస మళ్ళితే విడిపోయేవి. చిన్నప్పటి ఫొటోలన్నింటిలోనూ ఎవరి మీదో కోపం వచ్చినట్టు మూతి బిగించుకుని ఉంటాను. బీఈడీ చేసి ధవళేశ్వరంలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాక పెళ్ళిసంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఒక సంబంధం వాళ్ళు, "అమ్మాయి బాగానే ఉంది, పళ్ళు సరిచేయిస్తే ఆలోచిస్తాం" అని మధ్యవర్తితో చెప్పించారు. ఆ వారమే అమ్మ నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ గారిని చూడటం అదే మొదటిసారి. యాభై దాటి ఉంటాయి. నేత చీర మీద తెల్లకోటు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. నా నోరు నిదానంగా చూసి, ఎక్స్‌రే తీయించి, కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నారు. నేను నోరు మూసుకోకముందే అమ్మ అందుకుంది.

"ఎన్నాళ్ళు పడుతుందండీ? ఆరు నెలల్లో అయిపోతుందా? మాఘమాసంలో మంచి ముహూర్తాలున్నాయి."

"రెండేళ్ళు పట్టొచ్చండీ."

"రెండేళ్ళే! పోనీ కాస్త గట్టిగా బిగించెయ్యండి, తొందరగా లోపలికెళ్తాయి."

"పళ్ళకి తొందర తెలీదండీ. గట్టిగా బిగిస్తే పంటి వేళ్ళు దెబ్బతింటాయి. మెల్లగా తోస్తూ ఉంటే ఎముకే దారి ఇస్తుంది" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగారు. "నీకు కావాలా అమ్మాయ్?"

నేను అమ్మ వైపు చూశాను.

"అమ్మని కాదు, నిన్ను అడుగుతున్నాను."

"వాళ్ళు చేయించుకోమన్నారండీ."

"అయితే ఇప్పుడొద్దు" అన్నారు డాక్టరమ్మ గారు. గొంతులో కోపం లేదు. "ముందు నాలుగు పళ్ళు తీయాలి. రెండేళ్ళపాటు ఏం తిన్నా వెంటనే తోముకోవాలి. నోట్లో పుళ్ళు పడతాయి. ఇదంతా ఇంకెవరి కోసమో చెయ్యలేవు, మధ్యలో వదిలేస్తావు. నీకు కావాలనిపించిన రోజున రా. ఒక్కదానివే వచ్చినా పర్వాలేదు."

"అదేంటండీ, వైద్యం చెయ్యమంటే చెయ్యనంటారు?" అంది అమ్మ.

"చెయ్యనని అనలేదండీ. అమ్మాయి అడగాలంటున్నాను."

బస్సులో దారి పొడుగునా అమ్మ ఆవిడని తిడుతూనే ఉంది. నేను కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ కూర్చున్నాను. నా పళ్ళ గురించి మా బంధువులంతా మాట్లాడారు, వీధిలో వాళ్ళు మాట్లాడారు, మొహం ఎరగని పెళ్ళివారు కూడా మాట్లాడారు. నీకేం కావాలని నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆ సంబంధం తప్పిపోయింది. నాకేమీ బాధనిపించలేదు.

ఏడాది గడిచింది. ఒకరోజు మూడో తరగతిలో పాఠం చెబుతుంటే ఒక పిల్లాడు ఏదో తిక్క సమాధానం చెప్పాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ముందు బెంచీలో కూర్చునే పిల్ల లేచి నిలబడి, "టీచర్, మీకు నవ్వొస్తే బోర్డు వైపు తిరిగిపోతారెందుకండీ?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగా తెలియకే అడిగింది. అప్పటిదాకా అలా తిరుగుతున్నానని నాకే తెలియదు.

ఆ శనివారం ఇంట్లో చెప్పకుండా ఒక్కదాన్నే రాజమండ్రి బస్సెక్కాను. డాక్టరమ్మ గారు నన్ను గుర్తుపట్టారు.

"ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ కాదండీ. పిల్లల వైపు తిరిగి నవ్వాలనుంది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "కూర్చోమ్మా" అన్నారు.

నొప్పి ఉంటుందా అని అందరిలాగే నేనూ అడిగాను. "ఉంటుంది. మూడు రోజులు మెత్తటన్నంలో పెరుగు కలుపుకుని తింటావు. నాలుగో రోజు కూర కలుపుకుంటావు. వారానికి నొప్పి సంగతే మర్చిపోతావు. అసలు ఉండదని ఎవరైనా చెబితే నమ్మకు" అన్నారు. అచ్చం అలాగే జరిగింది. బుగ్గకి తీగ గుచ్చుకుంటే చిన్న మైనం ముద్ద నొక్కి పెట్టుకోవడం నేర్పారు. బ్రష్షు పట్టుకోవడం రానిదానిలా నా చేతిలో మట్టిరంగు పళ్ళ బొమ్మ ఒకటి పెట్టి, క్లిప్పు పైన ఒకసారి, కింద ఒకసారి, సందుల్లోకి సన్న బ్రష్షుతో మరోసారి తోమించారు. "క్లిప్పులు వెయ్యడం నా పని. వాటి చుట్టూ శుభ్రంగా ఉంచడం నీ పని. నీ పని నేను చెయ్యలేను. చెయ్యకపోయావో, క్లిప్పులు తీశాక పంటి మీద తెల్లమచ్చలు మిగులుతాయి" అనేవారు.

తిండి విషయంలో మాత్రం సరదాగా ఉండేవారు. చెరుకు వద్దు, జంతికలు వద్దు, జామకాయ కొరక్కుండా ముక్కలు కోసుకు తినమన్నారు.

"పూతరేకులో అండీ?"

"తిను. తిన్నాక తోముకో. పూతరేకులు మానమంటే ఈ జిల్లాలో నన్ను ఉండనిస్తారా?"

ఒకసారి క్లిప్పు ఊడిపోయి ఫోన్ చేస్తే, ఎలా ఊడిందని కూడా అడగలేదు. "జంతికా, చేగోడీయా?" అన్నారు. చేగోడీయే.

ఆవిడకో అలవాటుండేది. తీగ మార్చాక తానేమీ చెప్పేవారు కాదు. చేతికి అద్దం ఇచ్చి, "ఏం మారిందో నువ్వే చెప్పు" అనేవారు. మొదట్లో నాకేమీ కనిపించేది కాదు. అసలు అద్దంలో నోరు తెరిచి చూసుకునే అలవాటే లేదు నాకు. నెలలు గడిచేకొద్దీ చూడటం వచ్చింది. చూసుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదని కూడా తెలిసింది.

క్లిప్పులు తీసిన రోజున అమ్మ కూడా వచ్చింది. నాలుక పళ్ళ మీద జారిపోతుంటే నాకు నవ్వొచ్చింది. అమ్మ నా మొహం చాలాసేపు చూసి, "ఇంటికెళ్ళగానే దిష్టి తీయాలి" అంది.

"ముందు రిటైనరు పెట్టనివ్వండి, తర్వాత తీద్దురుగాని" అన్నారు డాక్టరమ్మ గారు. సరిచేసిన పళ్ళు మళ్ళీ పాతచోటికి జరిగిపోకుండా పట్టి ఉంచే తొడుగు అది. "పన్ను కదిలినంత తొందరగా దాని చుట్టూ ఎముక గట్టిపడదు. కొన్ని నెలలు పగలూ రాత్రీ పెట్టుకోవాలి. ఆ తర్వాత పడుకునేటప్పుడు. మానేశావంటే రెండేళ్ళ కష్టం గోదాట్లో కలిసినట్టే!" అని వేలు చూపించి మరీ చెప్పారు.

తర్వాత నాకు పెళ్ళయింది. మా స్కూల్లోనే లెక్కలు చెప్పే ఆయనతో. ఆయన నన్ను క్లిప్పులతో ఉండగానే అడిగారు కాబట్టి ఆ ఘనత పళ్ళది కాదు. పెళ్ళయిన ఏడాదికి పాలకొల్లులో ఒక బంధువుల పెళ్ళిలో, భోజనానికి కూర్చుంటూ రిటైనరు తీసి కాగితంలో చుట్టి ఆకు పక్కన పెట్టాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆకులు ఎత్తేశారు. పట్టుచీరతో ఎంగిలాకుల గుట్ట దగ్గరికెళ్ళి కర్రతో వెతికాను. దొరకలేదు.

మర్నాడే రాజమండ్రి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. వచ్చేవారం అనుకున్నాను. ఆ తర్వాత కడుపుతో ఉన్నాను, ఆ తర్వాత పాప. ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. కింద ముందుపళ్ళు ఒకదాని మీదకి ఒకటి ఎక్కడం మొదలైంది. రాజమండ్రిలో ఆ వీధి వైపు వెళ్ళడం కూడా మానేశాను.

మూడేళ్ళ తర్వాత అన్నవరంలో వ్రతం చేసుకుని, ప్రసాదం పొట్లాలు తీసుకుని పక్కకి తిరిగేసరికి ఎదురుగా డాక్టరమ్మ గారు. జుట్టు తెల్లబడిపోయింది. నేను పెదవులు బిగించి నవ్వాను. ఆవిడకి అది చాలు.

"రిటైనరు ఎప్పుడు పోయింది?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆకులగుట్ట సంగతి అంతా చెప్పాను.

"మరి అప్పుడే రాలేదేం?"

"తిడతారని భయమేసిందండీ. రెండేళ్ళ కష్టం గోదాట్లో కలిసినట్టేనన్నారు కదా."

ఆవిడ మొహం వాడిపోయింది. "ఆ మాట నేనన్నానా?"

"అన్నారండీ."

మెట్ల మీద జనం మమ్మల్ని తప్పుకుని వెళ్తున్నారు. ఆవిడ నన్ను ఒక పక్కకి జరిపారు. "భయపెడితే జాగ్రత్తగా ఉంటారనుకున్నానమ్మా. భయపడితే దాక్కుంటారని తోచలేదు. వస్తువు పోవడం ఎవరికైనా జరుగుతుంది. నువ్వు మూడేళ్ళు రాకపోవడం మాత్రం నా తప్పే. సోమవారం రా."

అంత పెద్ద డాక్టరు, అంత వయసున్న మనిషి, పసుపు కుంకాలతో నిలబడ్డ నా ముందు తప్పు నాదని అంత తేలిగ్గా ఒప్పుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఒక పిల్ల హోంవర్కు తేకుండా తల దించుకుని నిలబడితే, ఇప్పటికీ నాకు ముందు ఆ మెట్లే గుర్తుకొస్తాయి.

సోమవారం చూసి, "కొంచెమే జరిగాయి" అన్నారు. కింది పళ్ళకి మాత్రం కొన్ని నెలలు మళ్ళీ తీగ వేశారు. తర్వాత పళ్ళ వెనక వైపు సన్నటి తీగ అంటించి, ఇదెక్కడా మర్చిపోలేవులే అన్నారు. ఆ పని అయ్యాక, "నువ్వు తెలుగు టీచరువి కదా, నాకో సాయం చేస్తావా?" అని అడిగారు. వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబులు రాసి, ఇంటికి తీసుకెళ్ళేలా ఒక కాగితం అచ్చు వేయించి ఇవ్వాలని ఆవిడ కోరిక.

నేను వారం కష్టపడి, 'దంత వక్రతను సరిచేయు విధానము' అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసుకెళ్ళాను. ఆవిడ చదివి, "నాకే భయమేస్తోందమ్మా. వరండాలో కూర్చుని వాళ్ళెలా అడుగుతారో విను. అలాగే రాయి" అన్నారు.

నాలుగు శనివారాలు వరండాలో కూర్చున్నాను. నలభై ఏళ్ళు దాటాక వేయించుకుంటే బాగోదేమో అని రైసుమిల్లు గుమాస్తా ఒకాయన నెమ్మదిగా అడిగాడు. చిగుళ్ళు, ఎముక గట్టిగా ఉంటే వయసుతో పనిలేదన్నారు డాక్టరమ్మ గారు. పాలపళ్ళు ఉండగానే పాపని తీసుకొచ్చినందుకు నవ్వుతారేమోనని ఒక తల్లి సంకోచించింది. ఏడెనిమిదేళ్ళప్పుడు ఒకసారి చూపించడం మంచిదే, చూపించినంత మాత్రాన క్లిప్పులు వేసేస్తామని కాదన్నారు. అమలాపురం వైపు నుంచి వచ్చిన సన్నాయి విద్వాంసుడొకాయన, క్లిప్పులుంటే సన్నాయి ఊదొచ్చా అని అడిగాడు. ఆవిడకి ఆ ప్రశ్న కొత్త. మర్నాడు సన్నాయి పట్టుకు రమ్మని, మైనం ఎక్కడ పెడితే పెదవి కోసుకోదో ఆయన చేత ఊదించి మరీ చూశారు. ఆ ఉదయం వరండాలో జనమంతా వాళ్ళ నంబరు పిలిచినా లేవలేదని రిసెప్షన్ ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

రిటైనరు వేణ్ణీళ్ళతో కడగొచ్చా అన్నదానికి, "వంకరపోతుంది, చన్నీళ్ళే" అని రాశాం. భోజనాలప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి అన్నదానికి, "దాని డబ్బాలోనే. కాగితంలో చుట్టొద్దు" అని చెబుతూ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు. ఇద్దరం నవ్వుకున్నాం.

అంతా అయ్యాక, "ఇంకోటి మిగిలిపోయింది. ఎవరూ అడగనిది" అన్నారు.

"ఏంటండీ?"

"'రిటైనరు పోయింది, చాలాకాలం రాలేదు, ఇప్పుడు రావచ్చా?' రాసుకో. జవాబు: రావచ్చు. ఎప్పుడైనా రావచ్చు. ఇక్కడ ఎవరూ తిట్టరు."

చివర్లో రాయబోతే ఆపారు. వైద్యం మొదలుపెట్టకముందే ఈ ప్రశ్నేంటి, వరస కుదరదు అని నేను వాదించాను.

"భయపడేవాళ్ళు చివరిదాకా చదవరమ్మా. మొదట పెట్టు."

మొదటే పెట్టాం.

కిందటి మంగళవారం స్కూలుకి సెలవు పెట్టి ఆవిడ ఇంటికి వెళ్ళాను. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు తక్కువ. పక్కనున్న ఒకావిడ, నేనడక్కుండానే చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మాయికి వైద్యం సగంలో ఉండగా తన భర్త మంచాన పడ్డాడట. నాలుగేళ్ళు రాలేకపోయారట. "బీరువా సర్దుతుంటే ఆ కాగితం కనిపించిందండీ. మొదటి లైనే అది. మాకోసమే రాసినట్టు అనిపించింది. పిల్లని తీసుకుని వచ్చేశాను. మేడమ్ గారు ఇన్నాళ్ళూ ఏమయ్యారని కూడా అడగలేదు, కూర్చోమన్నారంతే" అంది. ఆ వాక్యం పుట్టింది నా భయంలోంచి అని ఆవిడకి చెప్పలేకపోయాను. చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

డాక్టరమ్మ గారిని నేను ఆఖరిసారి చూసింది ఈ చలికాలంలోనే. ఆస్పత్రిని తన దగ్గర పనిచేసే చిన్న డాక్టరుకి అప్పగించినా, పొద్దున్న పూట వచ్చి కూర్చునేవారు. నా కింది పళ్ళు చూసి, బాగున్నాయని చెప్పి, మోకాళ్ళ నొప్పులతోనే రెయిలింగు పట్టుకుని నాతో మెట్లు దిగి వచ్చారు. వీధిలో బండి మీద పూలు అమ్ముకునే అమ్మాయి, చంకలో నాలుగేళ్ళ పిల్లతో పరుగెత్తుకొచ్చింది. "అమ్మగారూ, దీనికి పన్ను మీద పన్నొస్తోందేమో చూస్తారా?"

"పైకి పద" అంటారనుకున్నాను. ఆవిడ అక్కడే కింది మెట్టు మీద కూర్చున్నారు. నాకు ఆటో దొరికింది. వెళ్ళొస్తానంటే చెయ్యి ఊపారు గానీ చూపు తిప్పలేదు. ఆటో మలుపు తిరిగేదాకా చూశాను. చేమంతుల బుట్ట పక్కన, ఆ పిల్ల గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని, "ఆఁ అను తల్లీ" అంటూ, ఆ చిన్న మొహాన్ని మెల్లమెల్లగా ఎండ వైపు తిప్పుతున్నారు.