టైపక్క వాడుతున్న ఫైలు

మా నీళ్ల ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతన్ని అందరం రీస్టార్టు అంటాం. ఎవరు ఫోన్ చేసినా వాళ్ల గోడు సగమైనా వినకుండా "ఒకసారి రీస్టార్ట్ చేశారా?" అంటాడు, అందుకని. అతనేమీ అనుకోడు. మొదట్లో గోడల వెంట వైర్లు లాగే పనికి వచ్చాడు. మా టైపు గదిలో ఒక కీబోర్డు బాగుచేసే వంకతో మాటిమాటికీ వచ్చి, చివరికి ఆ కీబోర్డు కొట్టే అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. కీబోర్డుకి ఏ రోగమూ లేదని గదిలో అందరికీ తెలుసు.

ఆ అమ్మాయే టైపక్క. వయసులో మా అందరికన్నా చిన్నది, టైపులో మాత్రం అందరికీ అక్క. కంప్యూటరు పేరు అడిగిన చోట కూడా నవ్వుతూ టైపక్క అనే కొట్టుకుంది. రెండక్షరాలు కొడితే వాక్యం మొత్తం పడేలా ఏవో ఏర్పాట్లు చేసుకుంది. "పైమ" అని కొట్టి స్పేస్ బార్ నొక్కితే చాలు, "మీ వీధిలో పైపుల మరమ్మతు కారణంగా నీటి సరఫరా నిలిపివేయబడును" అని తెర మీదికి వచ్చేసేది. అది చూసి మాకు నోరూరింది. ఆ పదాల ఫైలు ఒక్కటి తీసుకుంటే సరిపోయేది. మాకంత తెలివి ఏడిస్తేగా! ఆమె సెట్టింగుల ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులో ఎక్కించుకొచ్చి ఎవరి సిస్టంలో వాళ్లం దింపేసుకున్నాం. దాంతోపాటు ఆమె పేరూ వచ్చి కూర్చుంది. అప్పటినుంచి గదిలో ఎవరు ఏం రాసినా, రాసింది టైపక్కేనని కంప్యూటర్లు నమ్మేవి. మాకదో పెద్ద జోకు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే జబ్బు చేసి ఆమె పోయింది.

రీస్టార్టు కొద్దిరోజులకే పనిలోకి వచ్చేశాడు. ఏడవలేదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చేవాడు, వాళ్లు వదిలాక వెళ్లి ప్రింటరు విప్పుకునేవాడు. మధ్యాహ్నం వాళ్ల అక్క ఫోన్ చేసేది. "తిన్నావారా?" అంటే "తిన్నానక్కా" అనేవాడు. అన్నం డబ్బా మూత తీసి కూడా ఉండేవాడు కాదు. అబద్ధం చెబుతున్నట్టూ అనిపించేది కాదు. తిన్నదీ లేనిదీ తనకే తెలియనట్టుండేవాడు. అలాంటి ముఖాన్ని రోజూ చూడటం నావల్ల కాలేదు. గట్టిగా ఒక్కసారి ఏడ్చి చావకూడదూ అని లోలోపల తిట్టుకునేదాన్ని.

అలా ఉండగా పై ఆఫీసువాళ్లు వచ్చి ఉత్తరాలు కొట్టే సాఫ్ట్‌వేరు కొత్తది వేశారు. పాతది తీసేసి వెయ్యాలి. వాళ్లకేం పట్టింది, పాతదాని మీదే కొత్తది ఎక్కించి చేతులు దులుపుకుని పోయారు. మర్నాడు పొద్దున్నే మా గదిలో గోల మొదలైంది. ఏ ఉత్తరం తెరవబోయినా పాతదీ కొత్తదీ రెండూ లేచేవి. పాతది ఫైలు పట్టుకుని వెనకాల ఎక్కడో బిగుసుకుపోయేది. కొత్తది ముందుకొచ్చి ఒక చిన్న పెట్టె చూపించేది.

"ఈ ఫైలును టైపక్క వాడుతున్నారు."

ఒక్క సిస్టంలో కాదు, అన్నింట్లోనూ అదే. గోల ఆగిపోయింది. పక్క సీటు గుమస్తాగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయారు.

రీస్టార్టు వచ్చి నా తెర మీదికి వంగి చదివాడు. "రీస్టార్ట్ చేశారా మేడమ్?"

"చేశాం నాయనా. మళ్లీ అదే."

"పాతది ఫైలు వదలట్లేదు. సెట్టింగుల్లో ఉన్న పేరు చూపిస్తోంది, అంతే. పాతదాన్ని ఫోల్డరుతో సహా తీసెయ్యాలి." ఫ్యాను రెక్క వంగింది అన్నట్టు చెప్పాడు.

"మరి ఆ పిల్ల పదాలో?"

"విడిగా తీసి కొత్తదాంట్లో వేస్తాను. పేరొక్కటే ఉండదు."

నాకు భయం వేసింది. ఆమె పేరు ఇంకా మిగిలింది ఈ గదిలోనే. దాన్ని అతని చేత్తోనే తుడిపిస్తే మనిషి ఏమైపోతాడో! "నువ్వొద్దులే, పై ఆఫీసువాళ్లనే పిలిపిద్దాం" అన్నాను.

"వాళ్లు పదాలు కూడా తీసేస్తారు మేడమ్" అని నా కుర్చీలో కూర్చున్నాడు.

ఒక్కో సిస్టం దగ్గరికీ వెళ్లాడు. పదాలు దాచడం, పాతది తీసెయ్యడం, ఫోల్డరు చెరపడం. మళ్లీ తెరిచినప్పుడు కొత్తది పేరు అడిగితే "మీ పేరు కొట్టుకోండి" అని లేచిపోయేవాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. భోజనాల వేళకి కిటికీ పక్కనున్న ఆమె సిస్టం ఒక్కటే మిగిలింది. అందరూ తినడానికి వెళ్లారు. నేను ఏదో టైపు చేస్తున్నట్టు కూర్చున్నాను.

అక్కడా అదే పెట్టె వచ్చింది. దాని అడుగున "ముగించాక తెలియజెయ్యి" అని ఒక బటన్ ఉంటుంది. మేమెవరం దాన్ని ఎప్పుడూ నొక్కిన పాపాన పోలేదు. అతను దాన్ని నొక్కాడు. నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పెట్టె వెనక ఎవరూ లేరని ఆఫీసు మొత్తంలో బాగా తెలిసినవాడు అతనే. అయినా కూర్చున్నాడు.

చాలాసేపటికి కదిలి, వెనక బిగుసుకుపోయిన పాతదాన్ని తానే ఆపేశాడు. వెంటనే తెర మీద ఇంకో పెట్టె వచ్చింది.

"టైపక్క ముగించారు. ఇక మీరు ఈ ఫైలులో రాయవచ్చు."

అతను నా వైపు తిరిగాడు.

"ముగించిందట మేడమ్" అన్నాడు.

ఆ పెట్టెలో "సరే" అన్న బటన్ తప్ప మరేదీ లేదు. దాన్ని నొక్కడానికి అతనికి చెయ్యి రాలేదు. నేనే లేచి వెళ్లి నొక్కాను. అప్పుడు ఏడ్చాడు.