మా క్వార్టర్‌లో చేసిన సముద్రం

గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఒక వీడియో గేముల కంపెనీ వాళ్లు సముద్రం చేసే పని నాకే అప్పగించారు. ఇంటి నుంచే మూడు నెలల ట్రయల్. రేవు గోడకు అలలు కొట్టుకునే సీను నచ్చితే ఉద్యోగం, లేకపోతే అమ్మ పట్టుబట్టిన బీఎడ్. పిల్లలకు పాఠాలు చెప్పే ఓపిక నాకుంటే ఇంకేం!

మొదటిసారి పంపగానే మా టీమ్ లీడు ఫోన్ చేశాడు.

"మేడమ్, నురగ నల్లగుందేంది? సముద్రంల ఆయిల్ ఓడ మునిగిందా?"

తెల్లమొహం వేశాను. నురగ కోసం నేను వీడియో తీసుకున్నది బాపు డ్యూటీ బట్టలు నానబెట్టిన బకెట్‌ను. బాపు బొగ్గు గనిలో నీళ్లు తోడే పంపు ఆపరేటర్. ఆ బట్టల సబ్బు నురగ నేను పుట్టినప్పటి నుంచీ నలుపే. మా కాలనీలో ఎవర్నడిగినా అదే రంగు చెప్తారు.

రంగు మార్చి పంపాను. "ఇప్పుడు ప్లాస్టిక్ కవర్ లెక్కున్నది. రేపే ఆఖరు," అన్నాడు. వాడి మొహం మండ!

ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన బాపు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గోడకు కొట్టిన నీళ్లు ఏడికి పోతున్నయ్ బిడ్డా?"

కంప్యూటర్ చేయాల్సిన లెక్కలు తగ్గుతాయని, గోడ తగలగానే అలను మాయం చేసేస్తున్నాను. "ఏడికో పోతయ్ తియ్యి బాపూ. గేమే గద!"

"ఎట్ల పోతయ్? గోడ మింగుతదా? తిరిగొస్తయ్. ఎనకొచ్చేదాన్ని గుద్దుతయ్. గప్పుడు లేస్తది చూడు, మనిషెత్తు!"

ఇంజనీరింగ్ చదివింది నేను, పాఠం చెప్పింది ఆయన. ఒళ్లు మండింది గానీ, తిరుగు అల పెట్టి చూశాను. వెనక్కి మళ్లిన నీళ్లు వచ్చే అలను ఢీకొని స్క్రీను నిండా లేచాయి. పక్కకు చూస్తే బాపు రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని ఉన్నాడు.

పగలబడి నవ్వాను. "ఏంది బాపూ, తడుస్తవా?"

ఆయన నవ్వలేదు. ఒకసారి పంపు ఆగిపోయి, గనిలో నీళ్లు ఇట్లాగే గోడకు కొట్టి తిరిగొచ్చి ఆయన్ని ఎత్తి పడేశాయట. చేతికి పైపు దొరికి బతికాడట.

"మాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీ అమ్మ తెల్లారి డ్యూటీకి పోనిస్తుండెనా?"

సీను అట్లాగే పంపాను. ఉద్యోగం వచ్చింది. అమ్మ మా క్వార్టర్ల లైనులో ఇంటింటికీ మిఠాయి పంచి వచ్చి, "ఇంతకూ ఏం చేసినవే, నాకు సుత చూపియ్యి," అంది.

బాపు నా వైపు చూశాడు. అల లేస్తే ఆయన కాళ్లు మళ్లీ కుర్చీ మీదికి పోతాయి, అమ్మ ఎందుకని అడుగుతుంది. ల్యాప్‌టాప్ ఖరాబైందని చెప్పాను.