ఒడ్డు మీది స్నానం

నదిలో దిగే ముందు నదికి దూరంగా ఒకసారి స్నానం చెయ్యాలి. ఒంటి మీది చెమట, నూనె, దారి దుమ్ము అక్కడే వదిలేసి, ఆ తరువాతే తీర్థంలో మునగాలి. ఇది నాకు పుస్తకం పట్టకముందే తెలుసు. మా నాన్న, మేము బాపు అనేవాళ్ళం, మా ఊరి భజన మందిరంలో పురాణం చదివేవాడు. మాఘమాసంలో ఆలంపూర్ పోయినప్పుడు తుంగభద్ర రేవులో బిందె ముంచుకొని, ఆ బిందెతో మళ్ళీ మెట్లెక్కి, మట్టి నేల ఉన్న చోటు చూసుకొని ఒళ్ళు రుద్దుకునేవాడు. నీళ్ళు నేలలోకి ఇంకేదాకా నిలబడి, తడి ధోవతితో దిగి అప్పుడు మునిగేవాడు. ఎందుకని అడిగితే, "అమ్మ ఒళ్ళెకు పోయేటప్పుడు బురద కాళ్ళతోని పోతమా బిడ్డా?" అనేవాడు.

మాది కేతేపల్లి దగ్గరి ఊరు. అప్పట్లో భజన సంఘం అంతా కలిసి ఒక్క బస్సు కిరాయికి మాట్లాడుకునేవాళ్ళం. మధ్యాహ్నం బువ్వ తిని బయలుదేరితే నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పొద్దుగూకే వేళకు ఆలంపూర్ చేరేవాళ్ళం. సత్రంలో నేల మీద చాపలు పరచుకొని పడుకొని, కోడికూతకు లేచి, తెల్లవారకముందే మునకలు ముగించేవాళ్ళం. సూర్యుడు పైకొచ్చేసరికి తడి జుట్టుతో జోగులాంబ గుడి ముందు వరుసలో ఉండేవాళ్ళం. ఎండ గురించి ఎవరూ ఆలోచించినట్టు నాకు గుర్తు లేదు. ఎండ వచ్చేసరికి నదితో మా పని అయిపోయేది.

తెలంగాణ వచ్చాక రోడ్లు వెడల్పయ్యాయి. రోడ్డు పక్క భూములకు ధర వచ్చింది. ఇంటి ముందు కారు వచ్చింది. పొద్దున్నే పోయి రాత్రికి రావచ్చు కదా, సత్రంలో దోమలు ఎందుకు అన్నారు. బస్సు మానేశాం. ఒక్కొక్క కారులో ఇద్దరు ముగ్గురు. కార్లు ఒకదాని కోసం ఒకటి ఆగుతూ, టిఫిను దగ్గర ఆగుతూ, రేవు చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. మాఘమాసమైనా మా వైపు నడిపొద్దు ఎండ ఎండే. అందుకని మెట్ల మీద నిలబడి అందరూ ముఖానికి, మెడకు, చేతులకు క్రీము పూసుకుంటారు. పూసుకున్న వెంటనే మునుగుతారు. ఆ నీళ్ళ మీద వంటనూనె ఒలికినట్టు రంగురంగుల పొర కదలడం నేను నా కళ్ళతో చూశాను. పైన దారిలో కార్లు చల్లదనం కోసం ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉంటాయి. ఆ పొగలో నిలబడే సంకల్పం చెప్పుకుంటాం.

ఇదంతా నా చెల్లె వల్ల నా కంటికి ఆనింది.

చెల్లెను మా ఊళ్ళోనే ఇచ్చారు. కొన్నేళ్ళ క్రితం ఆమెకు జ్వరాలు పట్టుకున్నాయి. కీళ్ళు వాచాయి. ఎండలోకి వస్తే చాలు, బుగ్గల మీద ఎర్రటి దద్దు లేచేది. నల్లగొండలో డాక్టరు, ఈ రోగానికి ఎండ పడదు, బయటికి పోతే క్రీము పూసుకోవాలి, గొడుగు పట్టుకోవాలి అన్నాడు. ఆ నెలల్లో సంఘం వాళ్ళు వారం వారం ఆమె మంచం పక్కన కూర్చుని భజన చేశారు. ఆమె అప్పుడే మొక్కుకుంది. కాళ్ళ మీద నిలబడగలిగినన్నాళ్ళు ప్రతి మాఘమాసం సంఘంతో కలిసి తుంగభద్రలో మునిగి, జోగులాంబను చూసి వస్తానని. నిలబడింది. మొక్కును నేను మాటవరసకు తీసుకునేదాన్ని కాను. అమ్మవారు విన్నది కాబట్టే నా చెల్లె లేచి నడిచిందని ఈనాటికీ నమ్ముతాను.

ఒకరోజు చెల్లె కూతురు, డిగ్రీ చదివే పిల్ల, వాళ్ళమ్మ క్రీము ట్యూబు తిప్పి చూస్తూ అంది.

"పెద్దమ్మా, గిసొంటి క్రీములల్ల కొన్ని మందులుంటయట. నీళ్ళల్ల కలిస్తే చిన్న చిన్న జీవాలకు మంచిది కాదంట. సముద్రంల పగడాల మీద పరీక్షలు చేసిన్రట."

"మన తుంగభద్రల?"

"మన నదిల ఎవరు చూసిన్రు? తెల్వది. మంచిదని మాత్రం ఎవ్వరు చెప్పలే."

చెల్లె బియ్యం ఏరుతూ వింటోంది. "అంటే నేను ఇన్నేండ్లు మొక్కు తీర్చుకున్ననా, అమ్మ నోట్ల విషం పోసిన్నా?" అంది. నవ్వుతూనే అంది. కానీ చాటలో చెయ్యి ఆగిపోయింది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అడిగింది. ఎండలో నిలబడితే క్రీము తప్పదన్నాడు. క్రీము వద్దనుకుంటే నిండుగా బట్ట కప్పుకోవాలి, లేదంటే ఎండ లేనప్పుడే పోవాలి అన్నాడు. ఎండ లేనప్పుడు పోవడం! నాకు బాపు బస్సు గుర్తుకొచ్చింది.

శనివారం భజన అయ్యాక, హారతి పళ్ళెం తిరుగుతుండగానే నేను లేచి రెండు మాటలు చెప్పాను. ఈ యేడు మళ్ళీ ఒక్క బస్సులో ముందురోజే పోదాం, తెల్లవారకముందు మునుగుదాం. రెండోది, ఎవరైనా సరే ఒంటి మీది క్రీములు, నూనెలు మెట్ల పైన మట్టి నేల మీద కడుక్కొని అప్పుడు నదిలో దిగుదాం. బాపు చేసినట్టు.

ముందుగా లేచింది కిరాణా దుకాణం ఆయన. కొత్త కారు కొన్నాడు. "బస్సా? గా బస్సుల నా నడుము ఏమైతదో ఎరుకేనా అక్కా? అసలు నేను కారు కొన్నదే దేవుని దగ్గరికి పోవుటానికి. నిమ్మకాయలు గూడ తొక్కించిన."

ఆయన భార్య వెనక నుంచి అందుకుంది. "అబద్ధమాడకు. ఎన్నడన్న నడుస్తివా? కల్లు మండువ దాంక గూడ కారే."

మందిరమంతా నవ్వింది. నవ్వులోనే నా మాట కొట్టుకుపోతుందని భయపడి గట్టిగా అన్నాను. "మా చెల్లె ఎండల నిలబడలేదు. మీకు తెలువందా? పొద్దు పొడవక ముందు మునిగితేనే ఆమె మొక్కు తీరుతది."

అందరూ పెద్దనాయిన వైపు చూశారు. ఆయన మాకు వరసకు పెదనాన్న, బాపుకు స్నేహితుడు. బాపు పోయాక పురాణం చదవడం నా వంతయింది, సంఘాన్ని నడపడం ఆయన వంతు. ఆయన కళ్ళు మూసుకొనే చెప్పాడు.

"బిడ్డా, నువ్వు రెండు చెప్పినవ్. ఒడ్డు మీద కడుక్కునుడు శాస్త్రం. బస్సుల పోవుడు సౌకర్యం. శాస్త్రం అందరం పాటిద్దాం. సౌకర్యం ఎవరిది వాళ్ళకే ఇడిచిపెడ్దాం."

తాళాలు మోగాయి. గోవింద నామం చెప్పారు. మా సంఘంలో దేన్నయినా ఇట్లా రెండు పాళ్ళు చేసి, శాస్త్రమన్న పాలును నెత్తిన పెట్టుకుంటాం. మిగిలిన పాలు లేకుండా అది నిలబడుతుందా అని ఎవరూ అడగరు. ఆ రోజు నేనూ అడగలేదు, హారతి కళ్ళకద్దుకున్నాను.

ఇంటికి నడుస్తూ చెల్లెతో, "మనిద్దరం ముందురోజే పోదాం, వాళ్ళు తరువాత రానీ" అన్నాను.

"సంఘాన్ని ఇడిచిపెట్టి మునిగితే అది నా మొక్కు ఎట్లయితదక్కా? నా మంచం పక్కన కూసున్నది వాళ్ళే గదా. క్రీము పూసుకోను, కొంగు కప్పుకుంట. జర సేపే గదా."

ఆ యేడు మేము అనుకున్నట్టే ఆలస్యమైంది. దేవరకొండలో ఒక కారు టైరు మార్చుకుంది, కల్వకుర్తిలో మిర్చి బజ్జీలు దొరికాయి. రేవు దగ్గర దిగేసరికి మెట్ల రాయి కాళ్ళను కాలుస్తోంది. చెల్లె పొడవు చేతుల రవిక తొడుక్కొని, కొంగు ముఖం మీదికి లాక్కొని నిలబడింది. ఒంటికి చుక్క క్రీము లేదు.

పెద్దనాయిన మెట్ల మీద నిలబడి కేకేశాడు. "అందరు ముందుగాల ఒళ్ళు కడుక్కోవాలె! శాస్త్రం!"

అందరూ శ్రద్ధగా సంచులు విప్పారు. సబ్బులు తీశారు. షాంపూ ప్యాకెట్లు పళ్ళతో చింపారు. నీళ్ళు తగులుతున్న ఆఖరు మెట్టు మీద కూర్చొని తలలు రుద్దుకోవడం మొదలుపెట్టారు. నేను పరుగెత్తినట్టే దిగి, "ఇక్కడ కాదు, పైన, పైన మట్టిల" అన్నాను.

"గీ ఎండల బిందెలు మోసుకొని పైకెక్కాల్నా? మెట్టు మీదనే ఉన్నం గదక్కా, నదిల దిగలే గద" అన్నాడు కిరాణా ఆయన, కళ్ళ నిండా నురగతో.

ఏ యేడూ అంత నురగ నేను చూడలేదు. వెనకటి ఏళ్ళలో పూసుకున్నది మాత్రమే నదిలో కలిసేది. ఆ యేడు పూసుకున్నదీ, దాన్ని కడిగే సబ్బూ రెండూ కలిశాయి. నలుగురూ ఎంతో నిష్ఠతో చేస్తున్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిష్ఠ లేనివాళ్ళను తిట్టవచ్చు.

"రా బిడ్డా, మునుగు" అని పెద్దనాయిన చెల్లెను పిలిచాడు.

"జర నురగ పోనీ పెద్దనాయినా."

నురగ పోలేదు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటున్నారు. చెల్లె కొంగు పట్టుకొని అట్లాగే నిలబడింది. రాయి మీది వేడి కింద నుంచి, ఎండ పై నుంచి. సత్రంలోకి పోదాం రమ్మని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. చివరికి నురగ పలచబడ్డ చోట దిగి మూడు మునకలు వేసి వచ్చింది. కొంగు తీసినప్పుడు ఆమె బుగ్గల మీద ఎర్రటి దద్దు లేచి ఉంది.

ఆ రాత్రికే జ్వరం వచ్చింది. కీళ్ళు మళ్ళీ వాచాయి. సంఘం వాళ్ళు మళ్ళీ మంచం పక్కన కూర్చున్నారు. కిరాణా ఆయన భార్య చెల్లె కాళ్ళు ఒత్తుతూ మెత్తగా తిట్టింది. "గంతసేపు ఎండల ఎందుకు నిలబడ్డవే? జర క్రీము పూసుకుంటే ఏం పోయె?"

"నీ క్రీమంత నీళ్ళల్లనే ఉండె గదనే. మునిగితే నాకు గూడ అంటుతదనుకున్న" అంది చెల్లె.

కిరాణా ఆయన భార్య నవ్వబోయి ఆగిపోయింది. ఒత్తుతున్న చేతులు కూడా ఆగాయి.

నది అన్నిటినీ తీసుకుపోతుందని పెద్దనాయిన అంటాడు. నిజమే, తీసుకుపోతుంది. ఆలంపూర్ దాటాక తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ శ్రీశైలం దాటి, సాగర్ చేరి, ఎడమ కాలువలో పడి హుజూర్‌నగర్ పొలాలకు వస్తుంది. మా ఆడపడుచు ఇల్లు అక్కడే. పోయిన వానాకాలం ఆమె పంపిన బియ్యంతో పరమాన్నం వండి అమ్మవారికి నైవేద్యం పెడుతుంటే, మేము రేవులో వదిలినది మా వెనకే మా ఇంటికి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. దేవుడి ముందు అంత ఇబ్బందిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

ఈ మాఘమాసానికి డాక్టరు ఇక ఎండ మాటే వద్దన్నాడు. నేను మళ్ళీ మందిరంలో బస్సు అడిగాను. పెద్దనాయిన మళ్ళీ సౌకర్యమన్నాడు. కానీ భజన అయ్యాక కిరాణా ఆయన భార్య నా పక్కకు వచ్చి, "నేనొస్త. నా మొగడు కారుల వస్తే రానీ" అంది. ఆమె వెంట ఇంకొందరు ఆడవాళ్ళు. బస్సుకు చాలలేదు. వ్యాను మాట్లాడుకున్నాం. మంచం పక్కన కూర్చున్నవాళ్ళే గదా అని చెల్లె కూడా ఒప్పుకుంది.

ముందురోజు సాయంత్రం చేరాం. తెల్లవారకముందు బిందెలతో నీళ్ళు పైకి మోసి, మట్టి నేల మీద ఒకరికొకరం పోసుకొని, చీకట్లోనే దిగాం. నీళ్ళు చల్లగా, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. చెల్లె మూడుసార్లు మునిగింది. ఒడ్డున భజన చేశాం. హార్మోనియం పెద్దనాయిన కారులో ఉండిపోయింది, మద్దెల ఇంకొక కారులో. తాళాలతోనే పాడాం. సంఘంలో సగం కూడా లేని ఆ పాట నది మీద పలచగా వినిపించింది. చెల్లె అటూ ఇటూ చూసింది. ఎవరి కోసమో నాకు తెలుసు. సూర్యుడు రాకముందే ఆమెను గుడికి తీసుకుపోయి, దర్శనం చేయించి, సత్రం గదిలో తలుపు వేసి పడుకోబెట్టాం.

చల్లపొద్దు ఉండగానే మేము బిందెలు, బకెట్లు నింపి మెట్ల పైన వరుసగా పెట్టాం. మధ్యాహ్నం కార్లు వచ్చాయి.

"ఏందక్కా, పెండ్లి నలుగు పెడుతున్నరా?" అంటూ కిరాణా ఆయన దిగాడు. ఆయన భార్య చెయ్యి పట్టి లాగి మట్టి మీద నిలబెట్టి నెత్తిన చెంబు కుమ్మరించింది. కొందరు నవ్వుతూ మా వైపు వచ్చారు. కొందరు సబ్బు పట్టుకొని నేరుగా మెట్లు దిగిపోయారు. పెద్దనాయిన కర్ర ఆనించుకొని ఎటూ కదలకుండా నిలబడ్డాడు.

"నీ చెల్లె ఏది?"

"పొద్దుగాలనే మునిగింది. సత్రంల పండుకుంది."

"హార్మోనియం లేకుంటనే పాడిన్రా?"

"పాడినం."

ఆయన చాలాసేపు కింద నురగ చూశాడు. తరువాత అంగీ విప్పి రాయి మీద కూర్చొని, "పొయ్ బిడ్డా" అన్నాడు. పోశాను. నీళ్ళు ఆయన వీపు మీద నుంచి తెల్లగా జారి మట్టిలోకి ఇంకిపోయాయి. ఇంకా కార్లు వస్తూనే ఉన్నాయి, మావి కానివి కూడా. బకెట్లు తొందరగా ఖాళీ అయ్యాయి.

సత్రానికి పోయేసరికి చెల్లె లేచి కూర్చొని ఉంది. తలుపు సందులోంచి భజన వినిపిస్తోంది. ఇప్పుడు హార్మోనియంతో, మద్దెలతో, సంఘమంతా.

"పెద్దనాయిన ఒడ్డు మీద పోసుకున్నడా?"

"పోసుకున్నడు."

"మిగిలినోళ్ళు?"

"కొందరు" అన్నాను తువ్వాలు ఆరేస్తూ. ఆమె గోడకు ఆనుకొని, బయటి పాటకు ఒక చరణం వెనకగా, మెల్లగా పాడుకోవడం మొదలుపెట్టింది. నేను తలుపు ఇంకొంచెం దగ్గరికి వేశాను, ఎండ ఆమె పాదాల మీద పడకుండా.