సర్జాపుర రోడ్డు ఎర్రమట్టి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, బెంగళూరులో నేను పనిచేసే ఫోరెన్సిక్ ల్యాబ్‌కి ఇన్‌ఫ్రారెడ్ యంత్రం వచ్చింది. చిటికెడు మట్టి పెడితే, అందులోని ఖనిజాలను బట్టి తెర మీద ఒక గీత వచ్చేది. గణాంకాల ప్రోగ్రాం ఒక్కో గీతను ఒక్కో చుక్కగా మార్చేది. ఒకేలాంటి మట్టయితే చుక్కలు పక్కపక్కన చేరేవి. నాకు పిచ్చి పట్టినట్టే అయింది. ఇంట్లో పూలకుండీ, ఆఫీసు జీపు టైరు, క్యాంటీన్లో కడగని బంగాళాదుంప, దేన్నీ వదల్లేదు.

అప్పుడే ఒక దొంగతనం కేసులో రెండు పొట్లాలు వచ్చాయి. సర్జాపుర రోడ్డులో కడుతున్న ఇంట్లో పంపు మోటారు పోయింది. ఒక పొట్లంలో అక్కడి మట్టి, రెండోదాంట్లో అనంతపురం నుంచి వచ్చిన ఒక కూలీ చెప్పుల మట్టి. అతను అదే రోడ్డులో రెండు కిలోమీటర్ల అవతల, కడుతున్న వేరే ఇంటి దగ్గర పనిచేస్తాడు. ఆ ఇంటి వైపే పోలేదంటున్నాడు. రెండు చుక్కలూ ఆనుకుని పడ్డాయి. దొరికాడు దొంగ అని సంబరపడిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా పై అధికారి బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగాయన. "ఇంకేం కావల్లమ్మా? రెండూ ఒకటే ఉండాయి కదా. రిపోర్టు రాసి పంపు" అన్నాడు.

రాశాను. సంతకం పెట్టబోతుంటే బుర్రలో పురుగు తొలిచింది. ఈ మట్టి ఎంత దూరం దాకా ఇలాగే ఉంటుంది? ఆ కూలీ మీద జాలేమీ లేదు, చుక్కలు ఎక్కడ విడిపోతాయో చూడాలనిపించింది, అంతే. మర్నాడు కవర్లు పట్టుకుని అతను పనిచేసే చోటికే వెళ్లాను.

అక్కడ ఇటుకలు మోస్తున్న ఒకావిడ నేను మట్టి ఎత్తడం చూసి దగ్గరికొచ్చింది. పోలీసులు పట్టుకెళ్లిన ఆ కూలీ భార్యేనట.

"ఆ మన్ను ఈడిది కాదు మేడమ్. పునాది నింపేదానికి జిగణి పక్క నుంచి లారీల్లో తోలినారు. ఈ రోడ్డులో కట్టేవాళ్లందరికీ అదే మన్ను" అంది.

నేను అద్దెకుండేదీ ఆ రోడ్డులోనే, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లో. దారిలో నాలుగు చోట్ల మట్టి తీసుకుని, మా గేటు దగ్గర కూడా ఒక పిడికెడు ఎత్తాను. యంత్రంలో పెడితే చుక్కలన్నీ ఒకే గుంపులో పడ్డాయి. ఆ లెక్కన మోటారు నేను కూడా ఎత్తుకుపోయి ఉండొచ్చు. ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. పాత రిపోర్టు చింపేసి, ఈ మట్టిని బట్టి అతను ఎక్కడ తిరిగాడో చెప్పలేమని రాశాను. పై అధికారి గొణిగాడు గానీ పంపించాడు.

అతన్ని వదిలేశారని తెలిశాక ఆమెను చూడటానికి వెళ్లాను. నాలుగు మంచి మాటలు వినాలన్న ఆశా ఉంది. యంత్రం గురించి, చుక్కల గురించి ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. ఆమె చివరిదాకా ఓపిగ్గా వింది.

"ఇరవై దినాలు లోపలుండాడు మేడమ్. ఇప్పుడు మేస్త్రీ పనిలోకి రానీలేదు. మొదటి దినమే ఎవరన్నా వచ్చి అడిగింటే చెప్పింటాము కదా?"

మేమెవరమూ అడగలేదు.